గేదె కోసం చీర కట్టిన అబ్బులు

అనగనగనగా, గోదారి మధ్యలో ఒక లంక. ఆ లంకలో ఒక ఊరు. ఊరి చివర, రెల్లుదుబ్బుల పక్కన ఒక తాటాకిల్లు. ఆ ఇంట్లో ఒక మొగుడూ, ఒక పెళ్ళాం, ఒక చంటిపిల్లా, ఒక గేదే, ఒక దూడా. అంతే. అత్తా లేదు, మావా లేడు, తోడికోడలు లేదు, ఆడపడుచు లేదు. పండూ, కాళ్ళు ఆడించకు, మంచం కిర్రుమంటోంది.

ఇందాక మీరు టీవీలో ఆ జంతువుల సినిమా చూస్తుంటే నేనూ కూచున్నానా, నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు తల్లీ. ఏనుగు మాట్లాడుతుంది, పిల్లి మాట్లాడుతుంది, ఎలుక మాట్లాడుతుంది, అన్నీ ఒకే బళ్ళో చదువుకున్నట్టు ఒకేలా మాట్లాడతాయేవిటో! ఏనుక్కీ ఎలక్కీ ఒకే మాటుంటుందిటే? పైగా సగంలో కరెంటు పోయింది. పోతే పోనీ. జంతువులు నిజంగా మాట్లాడితే మనిషి గతి ఏమవుతుందో మా అమ్మమ్మ నాకు చెప్పింది, అదే మీకు చెప్తున్నా. ఊ కొడుతున్నారా? గట్టిగా కొట్టండి, నాకు అసలే చెవులు అంతంత మాత్రం.

ఆ మొగుడి పేరు అబ్బులు. పెళ్ళాం పేరు వీరాయమ్మ. అబ్బులు పడవవాడు. పొద్దున్నే పడవ వేసుకుని జనాన్ని ఆ ఒడ్డునించి ఈ ఒడ్డుకీ, ఈ ఒడ్డునించి ఆ ఒడ్డుకీ దాటించడం వాడి పని. మంచివాడే పాపం, తాగుడు లేదు, తగువు లేదు. ఒకటే లోపం, నోట్లోంచి మాట రాదు. అన్నం పెడితే తింటాడు, చాప వేస్తే పడుకుంటాడు. కూర ఎలా ఉందయ్యా అంటే ఊఁ అంటాడు. బాలేదా అన్నా ఊఁ అంటాడు. మీరు నాకు కొడుతున్న ఊ కాదురా, అది వట్టి ఊఁ. వీరాయమ్మేమో గలగలా మాట్లాడే పిల్ల. పెద్ద సంసారంలోంచి వచ్చింది. ఇక్కడికొచ్చాక గోడలతో మాట్లాడుకోవాల్సి వచ్చింది.

ఇలా ఉండగా ఒకసారి వీరాయమ్మకి జ్వరమొచ్చింది. మామూలు జ్వరం కాదు, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. గొంతు వాచిపోయి మాట పూర్తిగా పడిపోయింది. ఆర్నెల్ల పిల్లకి ఇద్దామంటే ఆవిడ దగ్గిర పాలు తగ్గిపోయాయి. గేదె పాలే గతి. ఆ రోజే ఊరు ఊరంతా అవతలి ఒడ్డున తీర్థానికి, అదే జాతరకి, పోయింది. అబ్బులు పెళ్ళాన్ని వదిలి పోలేక పడవ వాళ్ళకే ఇచ్చి పంపించేశాడు. సాయంత్రం దాకా లంకలో మనిషన్నవాడు లేడు, పడవా లేదు. పక్కింట్లో పాలు అడగొచ్చుగా అంటావేమో సిరీ, ఏ పక్కింట్లో అడుగుతాడే? వాళ్ళందరూ తీర్థంలో జీళ్ళు తింటున్నారు.

సరే, పాలు పితకాలి. పితికేది రోజూ వీరాయమ్మే. గేదెకి ఒక చెయ్యి అలవాటైతే ఇంకో చెయ్యి పడదురా. పొదుగులోకి పాలు దింపదు, పైకెత్తేసుకుంటుంది. అందుకే మా వైపు ఆడవాళ్ళకి ఒంట్లో బాగోలేకపోతే మగాళ్ళు ఆ ఆడవాళ్ళ చీర కట్టుకునే గేదె దగ్గిరికి పోతారు. నవ్వకండి! మీ తాతయ్య కూడా కట్టారు. మీసాలమీద కొంగు కప్పుకుని కూచునేవారు, గేదె మాత్రం పాలు చక్కగా ఇచ్చేది.

వీరాయమ్మ మంచంలోంచి అదే చెప్పబోయింది, మాట రాకపోయె. చీర చెంగు పట్టుకు లాగి చూపించింది. చలేస్తోందేమోనని అబ్బులు గొంగళి కప్పాడు. కాదని తలాడించింది. ఉక్కపోస్తోందేమోనని గొంగళి తీసి విసనకర్ర పట్టుకొచ్చాడు. ఆవిడ నుదురు కొట్టుకుంది. తలనొప్పనుకుని శొంఠి అరగదీశాడు! చివరికి ఆ జ్వరంలోనే లేచి, దండెంమీద ఉన్న తన పాత నీలంచీర తీసి వాడి మొహాన కొట్టింది. అప్పుడర్థమైంది మహానుభావుడికి.

పంచె విప్పి చీర చుట్టుకున్నాడు. కుచ్చిళ్ళు ఎక్కడ దోపాలో తెలీక ముందో నాలుగు, వెనకో నాలుగు దోపాడు. చెంబు పట్టుకుని దొడ్లోకి పోయాడు. పోతే ఏముంది? గేదె ఉంది, దూడ లేదు. రాటకి పలుపు వేలాడుతోంది.

ఎలా పోయిందంటారా? ముందురోజు సాయంత్రం దూడని కట్టింది అబ్బులే. పడవవాడు కదూ, దాని మెడకి పడవ కట్టే ముడి వేశాడు. ఆ ముడి ఎంత గట్టిగా ఉన్నా కొస పట్టుకుని లాగితే చటుక్కున ఊడొస్తుంది, పడవ తొందరగా విప్పుకోడానికి. దూడకి ఆ కొస నోటికందింది. నవిలింది, లాగింది, ముడి ఊడింది, తోక పైకెత్తి పరుగో పరుగు.

దూడ పొదుగు కుడిస్తేనే కదా గేదె పాలు దింపేది. దూడ లేదు, పాలు లేవు. పాలు లేవు, పిల్ల ఏడుపు ఆపదు. పిల్ల ఏడుపు ఆపదు, తల్లికి కునుకు లేదు. తల్లికి కునుకు లేదు, జ్వరం దిగదు. అన్నిటికీ కారణం తన చేతి ముడి. అలా నిలబడిపోయి తల గోక్కుంటుంటే, గేదె మెల్లిగా మెడ తిప్పి, నా బిడ్డ ఏదీ అని అడిగింది.

మాటల్లోనే అడిగింది! అబ్బులు వెనక్కి చూశాడు, ఎవరూ లేరు. చూరు కిందకి చూశాడు, ఎవరూ లేరు. తనకీ జ్వరం అంటుకుందేమోనని నుదురు పట్టుకు చూసుకున్నాడు. గేదెకి విసుగొచ్చి, నిన్నేనయ్యా మరిదీ, అటూ ఇటూ చూస్తావేం అంది.

"మరిదా?" అన్నాడు అబ్బులు నోరు తెరిచి.

మీ ఆవిడ నన్ను అక్కా అంటుంది, అలాంటప్పుడు నువ్వు నాకు మరిదివి కావూ అంది గేదె. మరి ఇన్నాళ్ళూ ఒక్కమాటా అనలేదేం అంటే, పంచెలతో మాకు మాటల్లేవంది. పంచె వచ్చిందంటే కర్ర వస్తుంది, హెయ్ అని అదిలింపు వస్తుంది, అంతే కదా. ఈ నీలంచీరతో మాట్లాడటం మాకు అలవాటు, నువ్వు చీర కట్టుకొచ్చావు గనక మాట్లాడుతున్నా, విప్పితే విప్పినట్టే, ఇంక మాటల్లేవు అంది. అది మాట్లాడుతున్నది చీరతోనో, చీరలోని మనిషితోనో, మనిషి వెనకున్న పెళ్ళాంతోనో అబ్బులికి బోధపడలేదు. నాకూ పడలేదు. మా అమ్మమ్మని అడిగితే నోరుమూసుకుని వినమంది.

ఇంతకీ దూడ ఎటు పోయిందీ అంటే, గేదె కట్టేసి ఉండె, దానికేం తెలుస్తుంది? మీ అక్కనడుగు, చూరుమీద ఉంటుంది అంది.

అబ్బులికి అక్కలు లేరు. చూరుమీదకి చూస్తే కాకి కూచుని ఉంది. ఏరా తమ్ముడూ, చీర బాగుందిరా అంది. ఇదేం చుట్టరికమే అంటే, మీ ఆవిడకి నేను వదిన్ని కదరా అంది. పాపం అబ్బులు వేళ్ళమీద లెక్కేసుకున్నాడు. మా ఆవిడకి వదినైతే నాకు అక్కన్నా కావాలి, లేదూ బావమరిది పెళ్ళామన్నా కావాలి, మా ఆవిడకి అన్నదమ్ములు లేరు, అంటే అక్కే, కానీ మా అమ్మకి కాకి ఎప్పుడు పుట్టిందీ? బుర్ర గిర్రున తిరిగింది.

లోపల్నించి పిల్ల ఏడుపు వినపడింది. చుట్టరికం తర్వాత చూసుకుందాం, దూడ ఎక్కడుందో చెప్పవే అక్కా అన్నాడు. కాకి చెప్పింది: అదిగో ఇక్కడే, తిన్నగా పో, పది రెక్కలు కొట్టేలోపు వచ్చేస్తుంది.

తిన్నగా అంటే తిన్నగానే పోయాడు మా నాయన! ముళ్ళడొంక వచ్చింది, తిన్నగా దూరాడు. చీర చిరిగింది, చెయ్యి గీరుకుంది. బురదగుంట వచ్చింది, తిన్నగా దిగాడు. మోకాలు లోతు, తొడ లోతు, నడుం లోతు! కాకి పైనించి, రా రా, తిన్నగానే ఉన్నావు అంటోంది. కాకికి ముళ్ళేవిటి, బురదేవిటి? అది అబద్ధమాడలేదురా, దాని దారి దానికి నిజంగా తిన్ననే. నడిచేవాడికే కాదు. అబ్బులు చేతికందిన రెల్లుదుబ్బు పట్టుకుని ఎలాగో ఒడ్డున పడ్డాడు. ఊ కొడుతున్నారా? ఆఁ.

ఒడ్డున కర్రోడు నిలబడి ఉన్నాడు. కర్రోడంటే లంకలో తిరిగే నల్లకుక్క. బాబాయ్, పిన్నికెలా ఉందీ అనడిగాడు. ఓహో, వీడికి మా ఆవిడ పిన్నా అనుకున్నాడు అబ్బులు, ఈసారి లెక్కెయ్యలేదు. దూడని చూశావుట్రా అంటే, చూడ్డం దేనికి బాబాయ్, వాసన నిక్షేపంలా ఉందిగా అన్నాడు కర్రోడు. చెప్పాడూ దారి: ఇక్కణ్ణించి తడి గోనె వాసన దాకా పో. అక్కడ నిన్నటి పీత వాసన ఎదురొస్తుంది, దానివైపు తిరక్కు, మొన్నటి పీత వాసనవైపు తిరుగు. వాన వాసన పలచబడ్డచోట ఆగు. ఆ పక్కనే దూడ.

అబ్బులు ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు. వాడికి తన చీరకంటిన బురద వాసన తప్ప ఏదీ తగల్లేదు. నిన్నటి పీత ఎటు, మొన్నటి పీత ఎటు? ఎడమకి పోయాడు, కాదు. కుడికి పోయాడు, కాదు. చుట్టూ తిరిగి బయల్దేరినచోటికే వచ్చాడు. కర్రోడు ఆశ్చర్యపోయి, ఇంత తేలిక దారి కూడా తెలీదా బాబాయ్, పడవెలా నడుపుతావు అన్నాడు. అబ్బులికి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు కాళ్ళదగ్గిర్నించి, ఎవరదీ, కోడలుపిల్లేనా అని బొంగురు గొంతు వినిపించింది. వంగి చూస్తే తాబేలు. కాదండీ, నేను అన్నాడు అబ్బులు. ఓహో అబ్బాయివా అంది తాబేలు. వీరాయమ్మ దాన్ని మావయ్యగారూ అంటుందిట. అంటే తనకి తండ్రి! అబ్బులు చటుక్కున చేతులు జోడించాడు, కొంగు కూడా తలమీదకి లాక్కున్నాడు. కొంగెందుకు కప్పుకున్నాడో వాడికే తెలీదు, నన్నడక్కండి.

నాన్నా, దూడెక్కడుందో తెలుసా అన్నాడు. తెలుసు నాయనా, పాయ పక్కన ఇసకదిబ్బ అవతల ఉంది, కానీ చాలా దూరం, ఇప్పుడు బయల్దేరితే ఎల్లుండి పొద్దెక్కేసరికి చేరతావు అంది తాబేలు.

ఎల్లుండి! ఆ మాటతో అబ్బులు ఉన్నచోట కూలబడ్డాడు. కాకి పది రెక్కలంటుంది. కుక్క మొన్నటి పీతంటుంది. తాబేలు ఎల్లుండంటుంది. దిబ్బ పక్కనే ఉందా, దేశం అవతలుందా? ఎవరి మాట నమ్మాలి? అక్కడ పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది, ఇక్కడ తను చీర కట్టుకుని బురదలో కూచున్నాడు. మా ఆవిడ మీ అందరితో ఎలా వేగుతోందో నాకర్థం కావటంలేదు, అసలు మీతో ఎందుకు మాట్లాడుతుంది అని అరిచాడు.

తాబేలు మెడ పైకి చాచి నెమ్మదిగా చెప్పింది. ఇంకెవరితో మాట్లాడుతుంది నాయనా? కొత్తగా కాపరానికొచ్చినప్పుడు నీతో మాట్లాడబోయేది, నువ్వు ఊఁ అనేవాడివి. పిల్ల కొన్నాళ్ళు చూసింది. ఒకనాడు పాయ ఒడ్డుకొచ్చి నా ఎదురుగా కూచుని, ఇంటికి పెద్దదిక్కు లేదు, నిన్ను మావయ్యా అని పిలుచుకోనా అనడిగింది. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళకీ వరస కలుపుకుంది. కడుపుతో ఉన్నప్పుడు భయమేస్తోందని ఆ గేదెతో చెప్పింది. పుట్టింటి మీద బెంగగా ఉందని ఈ కాకితో చెప్పింది. అన్నీ మాకు తెలుసు, నీకే తెలీదు.

ఇన్నాళ్ళూ అబ్బులు, మా ఇల్లు నిమ్మళంగా ఉంటుంది, గొడవ లేని ఇల్లు అనుకుంటూ వచ్చాడు. తలుచుకుంటే సిగ్గేసింది.

లేచాడు. మీరు నాకు దారి చెప్పకండి, నాకు తెలీదు, నా బుర్రకెక్కదు, మీరే ముందు నడవండి, నేను వెనక వస్తాను అన్నాడు. ఆ ముక్క ముందే అనుంటే చీర చిరిగేది కాదుగా అంది కాకి. నిజమే మరి.

అలా బయల్దేరింది ఊరేగింపు. పైన కాకి, కింద కర్రోడు, కర్రోడి వెనక అబ్బులు, అబ్బులి ఒళ్ళో తాబేలు. కాకి ఎగిరి దూరం చూసి చెప్పేది. కర్రోడు ముళ్ళు లేని దారి వాసన పట్టేవాడు. బురదొస్తే తాబేలు దిగి గట్టినేల చూపించేది. ఎల్లుండి చేరాల్సినవాళ్ళు చుట్ట కాల్చినంతసేపట్లో దిబ్బ ఎక్కారు. తాబేలైతే ఒళ్ళోంచి తొంగిచూసి, అప్పుడే వచ్చేశామా, లోకం ఎంత చిన్నదైపోయింది అని బెంబేలెత్తిపోయింది.

దిబ్బ అవతల దూడ ఉంది. ఉంది కానీ, పాయ మధ్యలో ఊబిలో దిగబడిపోయి ఉంది. మెడా, వీపూ మాత్రం పైకి కనిపిస్తున్నాయి. సముద్రం పోటు పైకొచ్చే వేళ అది. నీళ్ళు బొట్టుబొట్టుగా ఎక్కుతున్నాయి. తాబేలు ముందు నడిచి గట్టినేల ఎక్కడుందో చూపించింది. అబ్బులు దాని అడుగులో అడుగు వేసుకుంటూ దూడ దాకా పోయాడు. పట్టుకు లాగాడు, రాలేదు. నీళ్ళు దూడ వీపుకొచ్చాయి. తాడు కావాలి. తాడెక్కడుంది? ఒంటిమీద చీరుంది.

చీర విప్పితే విప్పినట్టే అంది కదా గేదె! మాటలు పోతాయి. మాటలు పోతే ఆ ఊబిలోంచి మళ్ళీ వెనక్కి దారెవరు చెప్తారు? ఏ అడుగు గట్టిది, ఏ అడుగు మింగేదీ? నీళ్ళు దూడ మెడకొచ్చాయి. అది అంబా అనలేదు, నాకు భయమేస్తోంది బాబాయ్ అంది. పసిదాని గొంతు, అచ్చం ఇంట్లో పిల్ల మాట్లాడితే ఎలా ఉంటుందో అలా. అబ్బులు మరి ఆలోచించలేదు. చీర విప్పి పారేశాడు. గోచీతో మిగిలాడు.

అంతే, కాకి కావుమంది. కర్రోడు భౌమన్నాడు. తాబేలు ఏమీ అనలేదు. అబ్బులు చీర దూడ పొట్ట కింద దూర్చి, ఈసారి ఊడే ముడి వెయ్యలేదు నాయనా, పీటముడి వేసి, హైలెస్సా అని లాగాడు. ఇంకోసారి లాగాడు. మూడోసారికి దూడ ఫట్‌మని పైకొచ్చి వాడిమీదే పడింది.

మరి వెనక్కెలా? చుట్టూ నీళ్ళే. అబ్బులు బిత్తరపోయి నాన్నా, ఎటూ అన్నాడు. జవాబు లేదు. అక్కా అన్నాడు. కావ్. వాడికి మళ్ళీ పొద్దుటి అయోమయమే. అప్పుడు మాట వినిపించకపోయినా చూశాడురా, కళ్ళు పెట్టి చూశాడు. తాబేలు ఒకచోట కాలు వేసి ఆగింది, ఇంకోచోట వెయ్యబోయి వెనక్కి తీసుకుంది. కర్రోడు ఒడ్డున ఒక్కచోటే నిలబడి తోకాడిస్తున్నాడు. కాకి ఆ రెండిటి మధ్యా అటూ ఇటూ ఎగురుతోంది. ఇంతకంటే ఎలా చెప్తాయి? తాబేలు ఆగినచోట అడుగేశాడు, గట్టిగా ఉంది. అలా ఒక్కో అడుగూ వేసుకుంటూ దూడని భుజాన మోసుకుని ఒడ్డెక్కాడు.

ఇంటి దొడ్లోకి రాగానే దూడ తల్లిని చూసి పరుగెత్తింది. గేదె దాన్ని నాకింది, పొదుగు కుడవనిచ్చింది. అబ్బులు చెంబు పట్టుకుని గొంతుక్కూచున్నాడు. గోచీ తప్ప ఒంటిమీద గుడ్డ లేదు, ఒళ్ళంతా బురద. చెయ్యి వెయ్యగానే గేదె బిగుసుకుపోయింది. పాలు పైకెత్తేసుకుంది. ఒక్క చుక్క లేదు.

దూడ దొరికినా పాలు లేవు! చీరేమో పీలికలైపోయింది. అబ్బులు ఇంకేం చేస్తాడు? పొదుగుకి తల ఆనించి, జీవితంలో మొదటిసారి తనంతట తను మాట్లాడ్డం మొదలెట్టాడు.

"వదినా, నేనేరా... కాదు, నేనేనండీ. మరిదిని. నాకు మాట్లాడ్డం చాతకాదు. చిన్నప్పట్నించీ పడవలో ఒక్కణ్ణే. ఏం మాట్లాడాలో తెలిసేలోపు అవతలివాళ్ళు దిగిపోతారు. నిన్న రాత్రి దాని ఒళ్ళు కాలిపోతుంటే నాకు భయమేసింది. పడుకోలేదు. ఏమైనా అయితే నేనేం చెయ్యాలి? అది నవ్వితే నాకు బాగుంటుంది. ఆ మాట దానికెప్పుడూ చెప్పలేదు. చెప్పకపోయినా తెలుస్తుందనుకున్నా. కూర రోజూ బాగుంటుంది. ఊఁ అంటానే గానీ, నిజంగా బాగుంటుంది."

అలా చెప్తూనే ఉన్నాడు. చెప్తూ ఏడ్చాడు. చెంబులో సర్రుమంది. ఆ ధ్యాసలో వాడు చూసుకోలేదు. మళ్ళీ సర్రుమంది. గేదె నెమరేస్తూ నిలబడి పాలు దింపేసింది, నురగ చెంబు దాటి పైకి పొంగింది.

తాటాకుగోడకి అవతల మంచముంది కదా, తాటాకులోంచి మాట వినపడకుండా ఉంటుందిట్రా? చెంబు పట్టుకుని లోపలికెళ్ళేసరికి వీరాయమ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని కూచునుంది. చెంపలమీద ధారలు కారిపోతున్నాయి. జ్వరం పెరిగిందేమోనని అబ్బులు హడిలిపోయి నుదుటిమీద చెయ్యివేశాడు. చెమట పట్టి చల్లగా ఉంది. పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, ఉగ్గుగిన్నెతో పిల్ల నోట్లో పోస్తే గుటుక్కు గుటుక్కున తాగింది. ఏడుపాగింది, ఇల్లు నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దంలో అబ్బులు మళ్ళీ పాతలాగే తల దించుకుని కూచోబోయాడు. వీరాయమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. వాచిన గొంతులోంచి గాలిలాగా వచ్చింది మాట.

"ఇంకా చెప్పు."

చెప్పాడురా. ముళ్ళడొంక సంగతీ, మొన్నటి పీత సంగతీ, ఎల్లుండి సంగతీ, అన్నీ తడుముకుంటూ, ముందుది వెనకా వెనకది ముందూ చేసి చెప్పాడు. ఆవిడ నవ్వలేక నవ్వింది. పిల్ల వాళ్ళిద్దరి మధ్యా పడి నిద్రపోయింది. మర్నాటికి జ్వరం దిగింది, నాలుగురోజులకి గొంతొచ్చింది, గొంతొచ్చాక ఇంక ఆ ఇంట్లో ఊఁ అనేది వినపడితే ఒట్టు.

అందుకని నే చెప్పేదేమిటంటే, ఇంట్లో ఉన్నవాళ్ళకి అన్నీ వాటంతటవే తెలిసిపోతాయనుకోకండి. నోరిచ్చాడు దేవుడు, బాగున్నది బాగుందని చెప్పండి. రేపు పొద్దున్న మీ అమ్మ ఉప్మా పెడితే ఫోన్లోకి చూస్తూ ఊఁ అన్నారో, చూడండి నా తడాఖా.

ఏవిట్రా, ఇద్దరూ ఊ కొట్టరేం? పడుకున్నారా? సరే. కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం.